ఇంట్లో చేసిన బోర్డుకు మెరుపు: మెలమైన్, ఎపాక్సీ, పీయూలలో ఏది మేలు?

ప్లైవుడ్ పొరలు అతికించి లాంగ్‌బోర్డ్ (పొడవాటి స్కేట్‌బోర్డ్) చేసుకున్నా, గుల్‌మార్గ్ వెళ్దామని స్కీలే చేసుకున్నా, చివరికి తేల్చుకోవాల్సింది పైన ఏం పూయాలన్నది. సికింద్రాబాద్ రాణీగంజ్‌లో పెయింట్ షాపులు తిరిగితే ముఖ్యంగా మూడు దారులు కనిపిస్తాయి: మెలమైన్ పాలిష్, ఎపాక్సీ, పీయూ (పాలీయురేథేన్). పూసిన రోజు మూడూ మెరుస్తాయి. బోర్డు వంగినప్పుడు, ఎండలో పడి ఉన్నప్పుడు, జూలై ముసురులో పూసినప్పుడు తేడా బయటపడుతుంది.

మెలమైన్ సంగతి త్వరగా తేల్చేయొచ్చు. పాలిష్ మేస్త్రీలకు అలవాటైన పని, ఖర్చు తక్కువ, త్వరగా ఆరుతుంది, చెక్క రంధ్రాలు మూసే సీలర్ మీద రెండు కోట్లకే కళ వచ్చేస్తుంది. కానీ ఆరాక పెళుసు. తలుపు వంగదు కాబట్టి దానికి సరిపోతుంది. బోర్డు మనిషి బరువుకు ఊగిన ప్రతిసారీ ఆ పొర సాగలేక సన్నగా చీలుతుంది, ఆ చీలికల్లోంచి నీళ్లు ప్లైలోకి దిగుతాయి. వాన రోజుల్లో కొడితే తెల్లటి మసక కూడా పట్టొచ్చు. గోడకు తగిలించే బోర్డుకైతే వాడుకోండి.

ఎపాక్సీది వేరే కథ. రెసిన్, హార్డ్‌నర్ అనే రెండు ద్రవాలు తూకం ప్రకారం కలిపి పూయాలి. దానంతటదే పరుచుకుని చెక్క రంధ్రాలు, గీతలు పూడ్చేస్తుంది, బోర్డుతో పాటు కొంత వంగుతుంది కూడా. మీటరు పొడవు, 24 సెంటీమీటర్ల వెడల్పు ఉన్న బోర్డుకు ఒకవైపు అర మిల్లీమీటర్ పొర కావాలంటే 130 గ్రాముల దాకా పడుతుంది. హార్డ్‌నర్ కాస్త ఎక్కువేస్తే త్వరగా ఆరుతుందని అనుకోవద్దు. తూకం తప్పితే జిగట ఎన్నాళ్లైనా పోదు. కలిపింది మగ్గులోనే ఉంచితే తన వేడికి తానే పొగలు కక్కి గడ్డకడుతుంది, మే నెలలో మరీ త్వరగా. కలపగానే వెడల్పాటి ట్రేలో పోసేయాలి.

బుడగల బెడద వేళ తప్పడం వల్ల. పొద్దున పూస్తే ఎండెక్కే కొద్దీ చెక్కలోని గాలి వ్యాకోచించి పైకి తన్నుకొస్తుంది. సాయంత్రం పూస్తే చెక్క చల్లబడుతూ రెసిన్‌ను లోపలికి లాక్కుంటుంది. ఆ వేళ ట్యూబ్‌లైటు కింద మాత్రం పెట్టొద్దు, వానాకాలం పురుగులన్నీ అందులోనే దిగబడతాయి. గాలిలో తేమ ఎక్కువగా ఉంటే కొన్ని హార్డ్‌నర్లకు పైన మైనంలాంటి జిడ్డు పేరుకుంటుంది. ముందు నీళ్లతో, స్క్రబ్బర్‌తో కడిగి, ఆ తర్వాతే వాటర్ పేపర్ (తడిపి రుద్దే గరుకు కాగితం) పట్టాలి. కడగకుండా రుద్దితే జిడ్డు గీతల్లోకి దూరి, తర్వాతి కోటు పట్టదు.

ఎపాక్సీతోనే ఇంకో పద్ధతి ఉంది: తడిగా ఉండగానే నున్నటి పాలిస్టర్ ఫిల్మ్ పరిచి, గాలి బయటికి నెట్టి, గట్టిపడ్డాక ఒలిచేయడం. ఫిల్మ్ ఎంత నునుపో పొర కూడా అంత నునుపు, సాండింగ్ దాదాపు లేదు. స్కీలకు ఇది బాగా కుదురుతుంది. తోక పైకి లేచి, మధ్యలో గుంట కూడా ఉన్న బోర్డుల మీద ఫిల్మ్ ముడతలు పడుతుంది.

ఎపాక్సీకి అసలు శత్రువు ఎండ. కొన్నాళ్లకు పసుపెక్కుతుంది, కళ తప్పుతుంది. మామూలు వేడిలో ఆరిన రకాలు చాలావరకు వేసవిలో మూసిన కారులో మెత్తబడతాయి కూడా.

టూ-ప్యాక్ పీయూ (ఇదీ హార్డ్‌నర్ కలిపి వాడేదే) ఎండకు బాగా తట్టుకుంటుంది, గీతలకూ లొంగదు. కానీ పొర పలచన. కింద గుంట ఉంటే పైనా అదే గుంట కనిపిస్తుంది. హార్డ్‌నర్‌లో ఊపిరితిత్తులకు హాని చేసే ఐసోసైనేట్ ఉంటుంది కాబట్టి ఇంట్లో స్ప్రే చేయడం నాకు నచ్చదు. గుడ్డ మాస్క్ దేనికీ పనికిరాదు, ఆవిర్లు ఆపే కార్ట్రిడ్జ్ మాస్క్, గాలి ఆడే చోటు ఉండాలి. తేమ తగిలితే ఇందులోనూ బుడగలే.

నేనైతే రెండూ వాడతాను. ఇంట్లో ఎపాక్సీతో తలం చదును చేసి, 320 నంబరు పేపర్‌తో మెరుపంతా చంపేసి, కార్ల డెంటింగ్-పెయింటింగ్ షెడ్డులో ఇచ్చేస్తాను. వాళ్లు బంపర్ మీద కొట్టే క్లియర్ కోటు టూ-ప్యాక్‌దే, కంప్రెసర్, గన్ ఎలాగూ అక్కడ ఉంటాయి. ఒక్క షరతు: ఇచ్చే ముందు బోర్డు మీద సిలికాన్ పాలిష్ ఏదీ తగలకూడదు, తగిలిన చోటల్లా పూత గుండ్రంగా విడిపోయి గుంటలు పడతాయి. డబ్బులు తక్కువైతే పీయూ వదిలేసి ఎపాక్సీతో ఆగండి, బోర్డును నీడలో ఉంచుకోండి. మెలమైన్‌కు మాత్రం దిగొద్దు.

లాంగ్‌బోర్డ్ పైవైపు ఎలాగూ కాలు జారకుండా అంటించే గ్రిప్ టేప్ కప్పేస్తుంది, కాబట్టి అటు అంత కష్టం అక్కర్లేదు. స్కీ అడుగున ఉండే పాలిథిన్ బేస్‌కైతే ఈ మూడూ అతుక్కోవు, అక్కడ పూయాల్సింది వ్యాక్స్. క్లియర్ కోటు చేతికి ఆరినట్టు అనిపించినా లోపల గట్టిపడటానికి వారం పడుతుంది. ట్రక్కులు (చక్రాలను బోర్డుకు పట్టి ఉంచే ఇరుసులు) బిగించేది ఆ తర్వాతే.