అన్నం లేని కొరియన్ డిన్నర్: పొట్లమా, పులుసా, గోబీ గిన్నెనా?

మా ఆయనకు మూడు నెలల సగటు షుగర్ టెస్టులో అంకె గీత దాటి కొంచెం పైకి వచ్చింది. మాత్రలు ఇప్పుడే వద్దు, రాత్రి పూట అన్నం తగ్గించండి చాలు అన్నారు డాక్టర్. చెప్పడం సులువే. నేను పుట్టి పెరిగింది మిర్యాలగూడ పక్కన, రైసు మిల్లుల మధ్య, మా ఇంట్లో బియ్యం అయిపోయాయని కూడా అనరు, నిండుకున్నాయంటారు. అత్తగారిది నారాయణపేట వైపు. ఆమె వెంటనే తీర్పు చెప్పేసింది: "అన్నం బందు వెడితే ఏమైతది బిడ్డా, రెండు జొన్న రొట్టెలు తింటడు."

ఇక్కడే చాలామంది పొరపడతారు. జొన్న పిండి 100 గ్రాముల్లో దాదాపు 68 గ్రాములు పిండిపదార్థమే. 50 గ్రాముల పిండితో ఒక రొట్టె అనుకుంటే, రెండు రొట్టెలకు 68 గ్రాములు. పావుకిలో వండిన తెల్లన్నంలో ఉండేది 70. అంటే రెండూ ఒకటే! జొన్నలో పీచు ఎక్కువ, మెల్లగా అరుగుతుంది, అది మంచిదే, కాదనను. కానీ లో కార్బ్, అంటే పిండిపదార్థం తక్కువుండే తిండి, మాత్రం కాదు. రోజు మొత్తానికి 130 గ్రాములకు లోపు ఉంటేనే మామూలుగా లో కార్బ్ అంటారు, అందుకని రాత్రి భోజనానికి నేను 25 గ్రాములు అని గీత గీసుకున్నాను.

కొరియన్ అనే మాట తెచ్చింది ఇంటర్ చదివే మా అమ్మాయి. కొరియన్ సీరియళ్లు చూసీ చూసీ, వాళ్లందరూ సన్నగా ఉన్నారు కాబట్టి వాళ్ల తిండి తింటే మనమూ అలా అవుతామని దాని నమ్మకం. అది తినే కొరియన్ నూడుల్స్ ప్యాకెట్ వెనక చదివి చూపించాను, ఒక్కదాంట్లో 80 గ్రాములకు అటూ ఇటూగా కార్బ్స్. తొక్‌బొక్కి అని ఎర్రగా మెరుస్తూ కనిపించేది బియ్యప్పిండి ముద్దలు, జాప్‌చే అంటే చిలగడదుంప పిండి సేమియా. అసలు కొరియన్ భాషలో 'బాప్' అంటే అన్నమే, భోజనమన్నా అదే మాట. పలకరింపు కూడా మనలాగే, అన్నం తిన్నావా అని. కాబట్టి వాళ్లు తినేది మొత్తం దింపుకోకుండా, అన్నం పక్కన పెట్టుకునే వాటిని మాత్రం తీసుకోవాలి. అలా మూడు పట్టుకుని రెండు నెలలు మార్చి మార్చి వండాను. గోబీ తురుముతో బిబింబాప్, క్యాబేజీ ఆకులో పొట్లంలా చుట్టిన చికెన్ బుల్గోగి, కిమ్చీ (కారం పట్టించి పులియబెట్టిన క్యాబేజీ) పులుసు.

ముందు గోబీ సంగతి తేల్చేస్తాను, ఎందుకంటే అందరూ మొదట చేసేది అదే, నాకు నచ్చనిదీ అదే. బిబింబాప్ అంటే అన్నం మీద రకరకాల కూరగాయలు విడివిడిగా పేర్చి, పైన గుడ్డు, ఎర్ర పేస్టు వేసి కలుపుకుని తినడం. అన్నం బదులు గోబీ పువ్వు తురిమి వేస్తారు. లెక్క చూస్తే బ్రహ్మాండం, గోబీ 100 గ్రాముల్లో కార్బ్స్ 5 గ్రాములే. పని చూస్తే ఏడుపొస్తుంది. పురుగుల కోసం ఉప్పు వేసిన వేడినీళ్లలో ఉంచాలి, తీసి గుడ్డ మీద ఆరబెట్టాలి, తురమాలి, వెడల్పు మూకుట్లో మూత పెట్టకుండా వేయించాలి, మూత పెట్టారో ఉప్మాకు ఎక్కువ జావకు తక్కువ అవుతుంది. ఇంత చేశాక పాలకూర వేరే, క్యారెట్ వేరే, పెసర మొలకలు వేరే, ఒక్కోదాన్ని ఒక్కోసారి వేయించాలి. ఐదు గిన్నెలు సింకులో పడతాయి. తినే మనిషేమో మొదటి ముద్దకే "అన్నం ఎక్కడ?" అన్నట్టు చూస్తాడు. అన్నంలా కనిపించి అన్నం కానిదాన్ని పెడితే అన్నమే గుర్తొస్తుంది కదా, మరి అదేం సాధించినట్టు? మా ఆయన పాపం మాట్లాడకుండా తిన్నారు, పదిన్నరకు బిస్కెట్ డబ్బా మూత చప్పుడు వినిపించింది. నాలుగు రాత్రుల్లో మూడు రాత్రులు ఇదే కథ.

పైగా దాని లెక్క కూడా చివరికి నిలబడలేదు. కారణం ఆ ఎర్ర పేస్టు, గోచుజాంగ్. మిరపకారం, పులియబెట్టిన సోయా పొడి, ఉప్పు, వీటితో పాటు జిగురు బియ్యం, బార్లీ మాల్ట్ కలిపి చేస్తారు దాన్ని. అంటే అన్నం తీసేశామని సంబరపడుతుంటే బియ్యం చెంచాలోంచి తిరిగి వస్తోంది. సీసాల మీద పెద్ద చెంచాకు 7 నుంచి 10 గ్రాముల దాకా రాసి ఉంటుంది, బిబింబాప్‌కు ఒక చెంచా ఎక్కడ సరిపోతుంది? గోబీ, క్యారెట్, మొలకలు, పేస్టు అన్నీ కలిపితే నా గిన్నె 30 దాటింది. సీసా ధరకు కిలో చికెన్ వచ్చేస్తుంది, అది ఇంకో బాధ.

అందుకని పేస్టు మానేసి కారం మీద పడ్డాను. కొరియా మిరపకారం గోచుగారు బరక బరకగా, మంచి ఎరుపుగా, తక్కువ ఘాటుతో ఉంటుంది. మన ఇంటి కారం అంతే కొలతకు వేస్తే కళ్లలోంచి, ముక్కులోంచి నీళ్లే. దీనికి మన తెలంగాణలోనే మందు ఉంది, వరంగల్ వైపు పండే చపాట మిర్చి. లావుగా, టమాటలా ఎర్రగా ఉంటుంది, రంగు బాగా ఇస్తుంది, ఘాటు అంతగా ఉండదు. గింజలు దులిపేసి మిక్సీలో రెండు తిప్పులు తిప్పి బరకగా ఆపేస్తే చాలు. రెండు చెంచాల ఆ కారం, చెంచా సోయాసాస్, దంచిన ఎల్లిగడ్డ, వేయించిన నువ్వుల పొడి, నాలుగు చుక్కల వెనిగర్. గోచుజాంగ్‌లో ఉండే ఆ పులిసిన తీపి రాదు, ఉన్నది ఉన్నట్టు చెబుతున్నా. కానీ బియ్యమూ రాదు. ఇంకో మాట, కొరియా నువ్వుల నూనె వేయించిన నువ్వులతో తీస్తారు, అందుకే ఆ వాసన. మన గానుగ నూనె పోసి అదే వాసన రాలేదని బాధపడొద్దు, నువ్వులు దోరగా వేయించి దంచి చివర్లో చల్లండి.

ఇక పొట్లం. బుల్ అంటే నిప్పు, గోగి అంటే మాంసం. అక్కడ ఎక్కువగా గొడ్డుమాంసంతో చేస్తారు, నేను చికెన్ తొడ ముక్కలతో చేశాను. ఎముక తీయించి, డీప్ ఫ్రిజ్‌లో ముప్పావుగంట పెట్టి, సగం గట్టిపడ్డాక కోస్తే కాగితంలా పల్చగా వస్తాయి. అరకిలోకు మూడు పెద్ద చెంచాల సోయాసాస్, ఎనిమిది ఎల్లిగడ్డ రెబ్బలు, అల్లం, మిరియాల పొడి, ఉల్లికాడలు. మాంసం మెత్తబడటానికి, తీపికి కొరియాలో పియర్ పండు తురిమి వేస్తారు. నేను మన పద్ధతిలో పచ్చి బొప్పాయి తురుము వేశాను, యాటకూరకు వేసినట్టు. పియర్ తీపి లేకుండానే మెత్తబడుతుంది. అయితే మొదటిసారి తెలివి ఎక్కువై రాత్రంతా నాననిచ్చాను. పొద్దున మూత తీసి చెంచా పెడితే ముక్క అనేది లేదు, హలీం! బొప్పాయి వేస్తే అరగంట, అంతకు మించి వద్దు.

వేయించడానికి నాన్‌స్టిక్ వాడొద్దు. మా అత్తమ్మ రొట్టెలు కాల్చే ఇనుప పెనం ఉందే, అది బాగా కాలాక గుప్పెడు గుప్పెడు వేయాలి. ఒకేసారి అంతా పోస్తే నీళ్లు ఊరి ఉడికిన కూర అయిపోతుంది, గుప్పెడే వేస్తే అంచులు నల్లగా కాలి, ఆ సోయా వాసన వీధిలోకి పోతుంది.

ఆకు దగ్గర కష్టపడ్డాను. లెట్యూస్ నల్లగొండలో దొరికినప్పుడు దొరుకుతుంది, దొరికినా వాడిపోయి ఉంటుంది. తమలపాకు ప్రయత్నించాను, భోజనానికి ముందే భోజనం అయిపోయినట్టు అనిపించింది. చివరికి మామూలు క్యాబేజీ. కొరియాలో కూడా ఉడికించిన క్యాబేజీ ఆకులో చుట్టుకుని తింటారు కాబట్టి తప్పేం లేదు. కాడ చుట్టూ కత్తితో లోతుగా గాటు పెట్టి, నీళ్లు మరుగుతున్న గంజులో బోర్లా దించితే నిమిషానికో ఆకు దానంతట అదే విడుతుంది, పట్టకారుతో లాగేయడమే. మధ్య ఈనె లావుగా ఉంటే చెక్కేయాలి, లేకపోతే మడత దగ్గర చిరిగి సాస్ మోచేతి దాకా కారుతుంది. లోపల మిగిలిన గట్టి గడ్డ మర్నాటి కూరకు.

మనిషికి ఆరు ఆకులు, 150 గ్రాముల చికెన్, ఉల్లిగడ్డ, చెంచా కారం పేస్టు, అంతా కలిపి 15 గ్రాముల లోపే. చేత్తో చుట్టుకుని తినడం ఉంది కాబట్టి నోటికీ పని, చేతికీ పని, అన్నం గుర్తు రాదు. ఆ రాత్రి బిస్కెట్ డబ్బా కదల్లేదు. అయితే గంటంబావు పట్టింది, మంగళవారం రాత్రి ఆఫీసు నుంచి వచ్చి ఎవరు చేస్తారు ఇది?

మంగళవారానికి కిమ్చీ పులుసు. కిమ్చీ జిగే అంటారు అక్కడ. కిమ్చీ ఉంటే ఇరవై నిమిషాల పని, కిమ్చీ లేకపోతే రెండు వారాల పని, తేడా అదే. కొరియాలో చలికాలం ముందు ఇంటిల్లిపాదీ, చుట్టుపక్కల వాళ్లూ కలిసి కిమ్చీ పెట్టుకోవడాన్ని కిమ్జాంగ్ అంటారు, దక్షిణ కొరియాలోని ఆ ఆనవాయితీని 2013లో యునెస్కో వారసత్వ జాబితాలో కూడా చేర్చారు. అత్తమ్మకు ఇది చెప్తే, "మామిడికాయ తొక్కు పెట్టినట్టే గదా" అని చీర కొంగు నడుముకు చెక్కుకుంది. కిలో క్యాబేజీకి 25 గ్రాముల ఉప్పు తూకం వేసి ఇచ్చాను, ఆమె తూకం పక్కన పెట్టి గుప్పెట్లో చూసి "ఇంతే" అంది, సరిగ్గా అంతే ఉంది. ఉప్పు పట్టించి నీళ్లు ఊరాక చపాట కారం, అల్లం, ఎల్లిగడ్డ, ముల్లంగి ముక్కలు, ఉల్లికాడలు. అక్కడ ఉప్పు రొయ్యలో చేపల సాసో వేస్తారు, మేం ఎండు రొయ్యలు వేయించి పొడి కొట్టి వేశాం. పుస్తకాల లెక్కలు చల్లటి దేశాలవి, మన ఎండలకు ఒక్క రోజు బయట ఉంచితే బుడగలు వచ్చేస్తాయి, వెంటనే ఫ్రిజ్‌లోకి తోసేయాలి. సీసా నిండా నొక్కొద్దు. నేను నొక్కాను. మూడో రోజు మూత చుట్టూ ఎర్ర రసం పొంగి అర మొత్తం పారింది, అత్తమ్మ ఫ్రిజ్ తలుపు తీసి, "ఇండ్ల ఏం సచ్చిందే" అని కేకేసింది.

రెండు వారాలకు బాగా పుల్లబడ్డాకే పులుసుకు పనికొస్తుంది, కొత్తది వేస్తే రుచి రాదు. గుప్పెడు కిమ్చీ నూనెలో ఐదు నిమిషాలు వేయించి, దాని రసం, నీళ్లు పోసి మరిగించాలి. టోఫు (సోయా పాలతో చేసే గడ్డ) దొరికితే టోఫు, లేదంటే కిరాణా కొట్టు మీల్‌మేకర్. పనీర్ మాత్రం వద్దు, అది పులుసు పీల్చుకోదు, తెల్లగా మొండిగా అలాగే కూర్చుంటుంది. మీల్‌మేకర్ వేడినీళ్లలో నానబెట్టి గట్టిగా పిండి వేస్తే ఎండిన స్పాంజిలా రసమంతా తాగేస్తుంది, కొరికితే పుల్లగా కారంగా నోట్లో పిండుకుంటుంది. చివర్లో రెండు గుడ్లు పగలగొట్టి వేసి, కదపకుండా మూత. మనిషికి 25 గ్రాముల మీల్‌మేకర్‌తో లెక్కేస్తే 18 గ్రాముల కార్బ్స్ దాకా, ప్రొటీన్ 25 గ్రాములు. పొట్లం కంటే కార్బ్స్ మూడు ఎక్కువ, కానీ వేడి పులుసు కడుపులో నిలబడినట్టు ఇంకేదీ నిలబడదు, గిన్నె ఒక్కటే తోమాలి.

దీనికి ఒక్కటే లోటు, ఉప్పు. కిమ్చీలో ఉప్పు, సోయాసాస్‌లో ఉప్పు, బీపీ ఉన్నవాళ్లు పులుసులో విడిగా ఉప్పు అసలు వేయొద్దు, రసం సగం వదిలేసినా పర్లేదు. ఇంకోటి, ఇన్సులిన్ గానీ గ్లిమెపిరైడ్ లాంటి మాత్రలు గానీ వాడేవాళ్లు రాత్రికి రాత్రే అన్నం ఆపేస్తే షుగర్ మరీ కిందికి పడిపోవచ్చు, డాక్టర్‌ను అడిగాకే మొదలుపెట్టండి.

ఇప్పుడు మా ఇంట్లో వారంలో రెండు రాత్రులు పులుసు, ఆదివారం తీరిక ఉంటే పొట్లం. గోబీ గిన్నె మా అమ్మాయికి ఫొటో కావాలన్నప్పుడు, అదీ చలికాలంలో గోబీ చవగ్గా దొరికితేనే. మా ఆయన పులుసు గిన్నె ముందు పెట్టుకుని బుద్ధిగా చెంచాతో తాగుతారు. ఎదురుగా అత్తమ్మ అదే పులుసులో జొన్న రొట్టె తుంచి నానేసుకుని, "దీనికి రొట్టె మస్తు కుదిరింది బిడ్డా" అంటూ తింటుంది. ఆయన చెంచా అక్కడే ఆగిపోతుంది.