టేపులో రికార్డింగా, హార్డ్ డిస్కులోనా?

1976లో జపాన్‌లో జేవీసీ కంపెనీ తెచ్చిన, టీవీ కార్యక్రమాలను క్యాసెట్ టేపు మీద రికార్డు చేసే వీహెచ్ఎస్ వీసీఆర్‌కూ, 1999లో అమెరికాలో అమ్మకానికొచ్చిన, వాటినే హార్డ్ డిస్కులో రికార్డు చేసే టీవో డీవీఆర్‌కూ అసలు తేడా బొమ్మ నాణ్యత కాదు. టేపు మీద రికార్డవుతున్నంతసేపూ దాన్నే వెనక్కి తిప్పి చూడలేం. హార్డ్ డిస్కు ఒకచోట రాసుకుంటూనే ఇంకోచోటి నుంచి చదివి చూపిస్తుంది. అందుకే వస్తున్న మ్యాచ్‌ను ఆపి, ఫోన్ మాట్లాడి, వదిలిన చోటు నుంచే చూడొచ్చు. నా ఓటు దీనికే, ఈ ఒక్క కారణంతోనే.

వీసీఆర్‌కు టైమర్ పెట్టడం మరో టెన్షన్. గడియారం 12:00 దగ్గరే మిణుకుమనే ఇళ్లెన్నో! టీవోలో కార్యక్రమం పేరు ఎంచుకుంటే సరిపోయేది. ఫోన్ లైను మీదుగా తెచ్చుకున్న టీవీ కార్యక్రమాల పట్టిక చూసి అదే రికార్డు చేసేది. కాకపోతే ఆ పట్టికకు చందా కట్టాల్సి వచ్చేది.

టేపుకు చందా లేదు. పైగా పక్కింటివాళ్లు అడిగితే ఇచ్చేయొచ్చు, తిరిగొస్తుందన్న హామీ లేకపోయినా.