మనోవర్తి బకాయి వసూలుకు ఉచిత న్యాయ సహాయం: సేవ ఎలా ఉంది?

పిల్లవాడి పోషణకు నెలకు ఎనిమిది వేల రూపాయలు ఇవ్వాలని ఫ్యామిలీ కోర్టు ఉత్తర్వు ఇచ్చినా తండ్రి కొన్ని నెలలు కట్టి ఆపేస్తే, ఆ బకాయి రాబట్టుకోవడానికి తల్లి మళ్లీ అదే కోర్టు మెట్లెక్కక తప్పదు. మా చెల్లెలి తరఫున ఈ పనిని జిల్లా న్యాయ సేవాధికార సంస్థ నియమించిన ప్యానెల్ న్యాయవాది నడిపించారు. వకీలు ఫీజు భరించలేక బకాయి వదులుకుంటున్న తల్లులు చాలామంది ఉన్నారు కనుక ఈ సేవ గురించి వివరంగా రాస్తున్నాను.

1987 నాటి న్యాయ సేవాధికార సంస్థల చట్టం 12వ సెక్షన్ ప్రకారం స్త్రీలకు, పిల్లలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఈ సహాయం అందుతుంది. మా దగ్గర ఆదాయ ధ్రువపత్రం అడగలేదు. దరఖాస్తుతో పాటు ఆధార్, కోర్టు ఉత్తర్వు నకళ్లు తీసుకున్నారు. ఆఫీసుకు వెళ్లలేనివారు 15100 నంబరుకు ఫోన్ చేయవచ్చు.

న్యాయవాది పనితీరు మెచ్చుకోదగ్గది. ఆమె ముందుగా బ్యాంకు పాస్‌బుక్ తెప్పించుకుని, తెల్లకాగితం మీద నెల, రావలసింది, వచ్చింది, మిగిలింది అని నాలుగు గడులు గీసి లెక్క రాయించారు. "మధ్యలో ఫోన్‌పేలో వేసిన రెండు వేలూ మూడు వేలూ కూడా తేదీతో రాయమ్మా, ఒక్కటి తప్పినా అవతలి వకీలు దాన్నే పట్టుకుంటాడు" అన్నారు. విచారణలో ఆ ఒక్క కాగితమే మాకు అండగా నిలిచింది.

గడువు విషయం కూడా ఆమె చెప్పాకే తెలిసింది. పాత నేర విచారణ స్మృతి (సీఆర్‌పీసీ)లోని మనోవర్తి సెక్షన్ 125 స్థానంలో 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత (బీఎన్‌ఎస్‌ఎస్) 144వ సెక్షన్ కింద బకాయి వసూలుకు వారంటు కావాలంటే, సొమ్ము చెల్లించవలసిన తేదీ నుంచి ఏడాదిలోగా దరఖాస్తు పడాలి. "ఇస్తాడులే" అని ఎదురుచూస్తూ కూర్చుంటే పాత నెలలు ఈ దారిలో చేజారతాయి. వారంటు తర్వాత కూడా కట్టకపోతే ఒక్కో నెల బకాయికి నెల వరకు జైలు విధించవచ్చు. అయితే జైలుకు వెళ్లి వచ్చినంత మాత్రాన బాకీ తీరినట్టు కాదని సుప్రీంకోర్టు 1989లోనే స్పష్టం చేసింది.

లోపాలూ ఉన్నాయి. తండ్రి అద్దె ఇల్లు మారడంతో "తలుపు తాళం వేసి ఉన్నది" అన్న రాతతో నోటీసు తిరిగొచ్చి వాయిదాలు గడిచిపోయాయి; కొత్త చిరునామా మేమే వెతికి ఇవ్వవలసి వచ్చింది. అంతకంటే బాధ కలిగించింది కౌన్సెలింగ్. పాత బకాయిలో సగం వదులుకుంటే ఇకమీదట సక్రమంగా కడతాడని అక్కడ పదేపదే నచ్చజెప్పారు. బిడ్డ స్కూలు ఫీజు అప్పు చేసి కట్టిన తల్లితో ఆ మాట అనడం న్యాయం కాదు. రాజీ కుదర్చడం మంచిదే గాని, బిడ్డకు రావలసిన సొమ్ములో కోత పెట్టి కుదర్చకూడదు. న్యాయవాది గట్టిగా నిలబడకపోయి ఉంటే మా చెల్లెలు ఆ ఒత్తిడికి సంతకం చేసేదే.

చివరకు లోక్ అదాలత్‌లో మొత్తం బకాయికి ఒప్పందం కుదిరింది: సగం అప్పటికప్పుడు డీడీగా ఇచ్చారు, మిగిలింది వాయిదాలలో కట్టాలి. లోక్ అదాలత్ అవార్డు (అక్కడి తీర్పు) మీద అప్పీలు లేదు, అది సివిల్ కోర్టు డిక్రీతో సమానం. అందుకే సంతకం చేసేముందు ప్రతి వాయిదా తేదీ, మొత్తం, తప్పితే ఏమవుతుందన్న షరతు కాగితం మీద ఉన్నాయో లేదో చదివి చూసుకోవాలి. డబ్బు పూర్తిగా చేతికి రాకముందే "అంతా ముట్టింది" అన్న మెమో మీద సంతకం పెట్టకూడదు. ఇప్పటివరకు వాయిదాలు సమయానికే వస్తున్నాయి. ఆగితే జీతం జప్తుకు వెళ్లాలని న్యాయవాది అనుకుంటున్నారు. మనోవర్తి డిక్రీ అమలులో జీతంలో మూడో వంతును మాత్రమే జప్తు చేయకుండా వదిలేస్తారు కనుక, ఉద్యోగస్తుడైన తండ్రి విషయంలో ఆ మార్గం బలమైనదే.