నాలుగేళ్లుగా నా ఫోటోలకు విమర్శ అడుగుతున్నాను

ఊళ్లు తిరిగి తీసిన ఫోటోలు చూపిస్తే ఇంట్లో అందరూ ‘చాలా బాగున్నాయి’ అంటారు. ఆ మాటలో ప్రేమ ఉంటుంది. ఈసారి ఎలా తీయాలో మాత్రం ఉండదు. అది తెలుసుకోవాలనే నాలుగేళ్ల క్రితం విశాఖలో మేం నలుగురం ఒక పద్ధతి పెట్టుకున్నాం. నెలకొక ఆదివారం ఉదయం రామకృష్ణా బీచ్‌లో, కురుసుర జలాంతర్గామి మ్యూజియానికి దగ్గర్లో కూర్చుంటాం. ఒక్కొక్కరం ఆరేసి ఫోటోలు 4×6 అంగుళాల ప్రింట్లు వేయించి తెస్తాం. ఫోటో తీసిన మనిషి నోరు విప్పకూడదు. మిగిలిన ముగ్గురూ తమ చూపు ముందు దేనిమీద పడిందో, తరువాత ఎటు పోయిందో చెబుతారు. నచ్చిందా లేదా అన్నది ఆ తరువాతే.

మొదటి నెల నేను బొర్రా గుహల ఫోటో తెచ్చాను. రంగు దీపాల వెలుగులో సున్నపురాతి స్తంభం. గుహలో నిలబడ్డప్పుడు నాకు కలిగిన విస్మయమంతా అందులో ఉందనుకున్నాను. మాలో పెద్దవారు, డ్రాయింగ్ టీచరుగా పనిచేసి రిటైరైన మాస్టారు, దాన్ని చాలాసేపు చూసి, “ఇది అరచేతిలో పట్టేంత ఉందా అమ్మా, తాటిచెట్టంత ఉందా?” అని అడిగారు. గుహ ఎంత పెద్దదో నా కళ్లకు తెలుసు, ఫోటోకు తెలియదు. మరొకరు అంచులు అదిరిన సంగతి పట్టుకున్నారు. సెకనులో పదో వంతు షట్టర్ వేగంతో చేత్తో పట్టుకుని తీశాను మరి. తరువాతి ప్రయాణంలో మా చెల్లిని మెట్లమీద నిలబెట్టి, తక్కువ వెలుగులోనూ ఫోటో వచ్చేలా చేసే ఐఎస్ఓ అమరికను 3200కి పెంచి, రెయిలింగుకు మోచేతులు ఆనించి తీశాను. ఇసుక చల్లినట్టు చుక్కలు, అంటే గ్రెయిన్, కనిపించింది కానీ గుహ గుహలాగే వచ్చింది.

అరకులో ధింసా నృత్యం ఫోటో ఇంకా పెద్ద పాఠం. ఒకరి నడుము వెనుకగా ఒకరు చేతులు వేసుకుని కదిలే మహిళల వరస, ముఖాల్లో నవ్వు, చీరల రంగులు అన్నీ దొరికాయి. “ధింసా అంటే అడుగులే కదా, పాదాలు ఏవి?” అన్నారు. మోకాళ్ల దగ్గర కోసేశాను. కెమెరా పట్టుకున్నప్పుడు ముఖాలే చూశానని అప్పుడు అర్థమైంది.

మన తీరానికే ప్రత్యేకంగా పనికొచ్చిన సలహా వెలుగు గురించి. ఇక్కడ సూర్యుడు సముద్రంలోంచి లేస్తాడు. ఫిషింగ్ హార్బర్‌లో నేను ఎప్పుడూ సూర్యుడికి ఎదురుగా తీసేదాన్ని, పడవలన్నీ నల్లటి బొమ్మలయ్యేవి. సముద్రానికి వీపు పెట్టి నిలబడమన్నారు. అదే పూట, అదే వెలుగు చేపలు దించేవాళ్ల ముఖాలమీద పడి కనిపించింది.

ప్రింట్లకు ఖర్చవుతుంది, అయినా మానలేదు. ఫోనులో వేలితో తోసేసే ఫోటోను చేతిలో ప్రింటుగా పెడితే మనిషి ఆగి చూస్తాడు. పైగా తెరమీద వెలిగిపోయే నీడలు కాగితంమీద ముద్దగా కనిపిస్తాయి, తప్పు దాగదు.

ఈ పద్ధతికి ఐదుకు నాలుగే ఇస్తాను. ఎప్పుడూ ఆ ముగ్గురే చూస్తే వాళ్ల అభిరుచే మనదైపోతుంది. రెండో ఏడాది చివర నా ప్రింట్లన్నీ నేలమీద పరిస్తే, దాదాపు ప్రతి దృశ్యంలోనూ ఒక మూల చిన్న మనిషి! మాస్టారికి నచ్చే ఫోటోలు తీస్తున్నానన్నమాట. అప్పటినుంచి ఫోటోలోని చోటు తెలిసినవాళ్లకు కూడా చూపిస్తున్నాను. హార్బర్‌లో చేపలమ్మే ఒకావిడ నా ప్రింటు చూసి, “వేలం పాడే మనిషి ఏడమ్మా? ఆయన లేకపోతే ఇంతమంది ఎందుకు మూగారో ఎలా తెలుస్తుంది?” అన్నారు. మా నలుగురిలో ఎవరికీ తట్టని మాట అది.

ఇంకో లోపం నన్ను ఎక్కువ బాధపెడుతుంది. కొత్తగా కెమెరా కొన్న ఒక అమ్మాయి రెండు నెలలు వచ్చి మానేసింది. ఒక్కో ఫోటోకు ఐదారు తప్పులు ఒకేసారి చెప్పాం. అన్నీ నిజమే, కానీ ఆమె వాటిలో ఏది ముందు దిద్దుకోవాలి? ఇప్పుడు ఫోటోకు ఉంచాల్సింది ఒకటి, మార్చాల్సింది ఒకటి, అంతే చెబుతున్నాం. యారాడ కొండ మలుపులోంచి ఆమె తీసిన ఫోటో నాకు ఇప్పటికీ గుర్తుంది. కింద సముద్రం, కొండ నీడలో సగం మునిగిన ఇసుక. అందులో ఏది బాగుందో ఆ రోజు మాలో ఒక్కరం కూడా చెప్పలేదు.