డెన్మార్క్ 1992, గ్రీస్ 2004: ఏది పెద్ద వింత?

యూరోపియన్ దేశాల ఫుట్‌బాల్ టోర్నీ యూరో కప్పులో ఎవరూ ఊహించని విజేతలంటే ఈ రెండు జట్లే గుర్తొస్తాయి. యుద్ధం కారణంగా యుగోస్లావియాపై వేటు పడటంతో 1992లో ఆ చోటు డెన్మార్క్‌కు దక్కింది. పిలవని పేరంటం కాదు గానీ, బాగా ఆలస్యంగా అందిన పిలుపు. సెమీఫైనల్లో నెదర్లాండ్స్‌తో 2-2తో సమమయ్యాక, పెనాల్టీల్లో డచ్ ఆటగాడు వాన్ బాస్టెన్ కొట్టిన బంతిని డెన్మార్క్ గోల్‌కీపర్ ష్మైకెల్ ఆపాడు. ఫైనల్లో జర్మనీపై 2-0.

గ్రీస్‌ది వేరే దారి. జర్మన్ కోచ్ ఒట్టో రెహాగెల్ రక్షణ శ్రేణిని కోటగోడలా కట్టాడు. నాకౌట్‌లో ఫ్రాన్స్, చెక్, పోర్చుగల్ జట్లను 1-0తోనే, అదీ తలతో కొట్టిన గోల్‌తోనే ఓడించింది. ఫైనల్ జరిగింది లిస్బన్‌లో, పోర్చుగల్ సొంతగడ్డపైనే! ఆ ఆట విసుగన్నవాళ్లూ ఉన్నారు. నిజమే, కొంత విసుగే. అయినా నా ఓటు గ్రీస్‌కే. డెన్మార్క్ 1984లోనే సెమీఫైనల్ ఆడింది. గ్రీస్ అయితే 2004కు ముందు ప్రపంచకప్పులో గానీ యూరోలో గానీ ఒక్క మ్యాచ్ కూడా గెలవలేదు.