మద్దెల ఓడు కాదు, గది ఓడు: గ్లాస్‌వూల్ ప్యానెళ్లతో ఆరేళ్లు

ఆరేళ్ల కిందటి దాకా నా గొడవంతా బేస్ గిటార్‌లోని లావు తీగతోనే. పాటంతా హాయిగా సాగుతుండగా ఆ తీగ మోగిందంటే చాలు, గది బొయ్‌మని నిండిపోయేది. పాడేవాళ్ల గొంతు ఆ హోరులో మసకబారిపోయేది. స్పీకర్లని నడిపే యాంప్‌కి వాటి మీద పట్టు లేదనుకుని యాంప్ మార్చాను. తర్వాత డాక్ (డిజిటల్ పాటని యాంప్‌కి పనికొచ్చే సంకేతంగా మార్చే డబ్బా) మార్చాను. ఆ తర్వాత, చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది గానీ, బొటనవేలంత లావు కేబుళ్లు కూడా కొన్నాను. కొత్త డబ్బా వచ్చినప్పుడల్లా మూడు వారాలు "ఆహా, ఎంత తేడా!" అనుకోవడం, నాలుగో వారానికి మళ్లీ అదే తీగ, అదే బొయ్.

ఆడలేక మద్దెల ఓడు అన్న సామెత నాకు సరిగ్గా సరిపోయింది. అప్పటికే ఒక ఆధారం చేతిలో ఉన్నా పట్టించుకోలేదు. అదే డాక్‌కి హెడ్‌ఫోన్స్ తగిలించి అదే పాట వింటే ఆ తీగ శుభ్రంగా, టక్కుమని ఆగేది. హెడ్‌ఫోన్స్‌కీ స్పీకర్లకీ మధ్య తేడా స్పీకర్లొక్కటే కాదు, గది కూడా అని తట్టడానికి మూడేళ్లు పట్టింది.

చివరికి ఒక కొలత మైకు, గది శబ్దాన్ని గ్రాఫ్‌గా గీసే, ఉచితంగా దొరికే రూమ్ ఈక్యూ విజార్డ్ సాఫ్ట్‌వేర్ పెట్టుకుని కూర్చున్నాను. నేను కూర్చునే చోట 41 హెర్ట్జ్ (సెకనుకు 41 కంపనాలు) దగ్గర గ్రాఫ్ కొండలా లేచింది. చుట్టుపక్కల కన్నా 12 డెసిబెల్స్ ఎక్కువ. నా గది పొడవు 4.2 మీటర్లు. శబ్దం సెకనుకు దాదాపు 345 మీటర్లు పోతుంది కాబట్టి ఎదురెదురు గోడల మధ్య సగం తరంగం సరిగ్గా ఇమిడే ఫ్రీక్వెన్సీ 41. మామూలు నాలుగు తీగల బేస్ గిటార్‌లో లావు తీగ శ్రుతి 41.2. అంటే ఆ తీగ మీటినప్పుడల్లా గది కూడా దానితో కలిసి మోగుతోందన్నమాట. పాపం, యాంప్ ఏం చేస్తుంది?

ఆ సాయంత్రం 41 హెర్ట్జ్ టోన్ ఒక్కటే పెట్టి గదిలో అటూ ఇటూ నడిచాను. వెనక గోడకి ఆనుకుంటే ఛాతీ అదురుతోంది. గది నడిమధ్యకి వస్తే ఎవరో స్విచ్ ఆపేసినట్టు దాదాపు మాయం. నాలుగడుగులు ముందుకేస్తే మళ్లీ హోరు. నా సోఫా ఏళ్ల తరబడి వెనక గోడకి అంటుకునే ఉంది! దాన్ని గోడ నుంచి 1.6 మీటర్లు ముందుకు లాగాను. 12 డెసిబెల్స్ కొండ 5కి దిగింది. అంతకుముందు మార్చిన ఏ డబ్బా కూడా ఇందులో పదో వంతు మార్పు తేలేదు. దీనికైన ఖర్చు కాస్త నడుం నొప్పి.

శబ్దాన్ని పీల్చుకునే ప్యానెళ్లు చేయించే ముందు ఇంట్లోని పరుపులూ బొంతలూ తెచ్చి మూలల్లో నిలబెట్టి విన్నాను. ఈ పద్ధతి నా సొంతమేం కాదు. 1895లో హార్వర్డ్‌లో ఒక ఉపన్యాస మందిరంలో మాట ఐదు సెకన్లకు పైగా మోగుతూ ఉంటే, దాన్ని బాగుచేసే పని వాలెస్ సేబిన్ అనే యువ అధ్యాపకుడి మీద పడింది. పక్క థియేటర్‌లోని సీటు దిండ్లు రాత్రిళ్లు మోయించి, ఎన్ని పెడితే ఎంత తగ్గుతోందో కొలుస్తూ కూర్చున్నాడాయన. గదుల ధ్వని లెక్కలన్నీ అక్కడి నుంచే మొదలయ్యాయి. మా ఇంట్లో మాత్రం రాత్రి పడుకునే వేళకి పరుపులు వెనక్కి ఇచ్చేయాల్సి వచ్చింది.

ఇక అసలు ప్యానెళ్ల సంగతి. చెక్క ఫ్రేములో గాజుపీచు, అంటే 10 సెంటీమీటర్ల మందం గ్లాస్‌వూల్, పైన గాలి ఆడే గుడ్డ. పక్క గోడల మీద ఎక్కడ పెట్టాలో అద్దం చెప్తుంది: మనం సీట్లో కూర్చుంటే ఇంకొకరు గోడ వెంట అద్దం జరుపుతారు, అందులో ట్వీటర్ (స్పీకర్లో సన్నటి స్వరాలు పలికే చిన్న భాగం) కనబడిన చోటే ప్యానెల్. అది పెట్టిన రోజే గొంతు రెండు స్పీకర్ల మధ్య ఒక చోట నిలబడింది. చప్పట్లు కొడితే వచ్చే ఆ రేకు డబ్బా మోత కూడా పోయింది. పల్చటి ఫోమ్ ముక్కలు అంటించి బేస్ తగ్గిందనేవాళ్లని మాత్రం నమ్మకండి. 41 హెర్ట్జ్ తరంగం పొడవు 8 మీటర్లు దాటుతుంది, రెండు సెంటీమీటర్ల ఫోమ్ దానికి అడ్డే కాదు. నా గది మూలల్లో పెట్టిన 30 సెంటీమీటర్ల మందం వూల్ దిమ్మలు కూడా 100 హెర్ట్జ్ పైనే బాగా పనిచేస్తాయి, కింద అంతంతమాత్రమే. మిగిలిన 5 డెసిబెల్స్ ఈక్యూతో (ఏ ఫ్రీక్వెన్సీ ఎంత మోగాలో సరిచేసే ఈక్వలైజర్) కోశాను. ఈక్యూ కొండల్ని కోస్తుంది గానీ గోతుల్ని పూడ్చలేదు. ఒక గోతి దగ్గర ఈక్యూ పెంచి చూశాను, యాంప్ వేడెక్కిందే తప్ప గొయ్యి అలాగే ఉంది.

తప్పూ చేశాను. ఉత్సాహం ఆపుకోలేక మొదటి ఏడాది సీలింగ్‌తో సహా అన్ని గోడలకీ ప్యానెళ్లు కొట్టించాను. వీణ వింటే దుప్పటి కింద వాయిస్తున్నట్టుంది. మాట్లాడుతుంటే చెవులు గడియ వేసుకున్నట్టుండేది. మూడు ప్యానెళ్లు తీసేశాక గదికి ప్రాణం లేచొచ్చింది. ఆరేళ్లలో నిర్వహణ అంటే దుమ్మే. గుడ్డ రంగు వెలిసింది, ఒకదాని అడుగున వూల్ కాస్త జారి బొజ్జలా వచ్చింది. వెనక సన్నటి తీగ కట్టించుంటే జారేది కాదు.

కొత్తవి కొనాలనే దురద పోయిందా అంటే, పూర్తిగా పోలేదు. రెండేళ్ల కిందట స్పీకర్లు మార్చాను, అది నిజంగా వినబడిన మార్పు. డాక్ విషయంలో మాత్రం పాతదీ కొత్తదీ వాల్యూమ్ సమానంగా సరిచేసి, ఏది మోగుతోందో చెప్పకుండా మిత్రుడి చేత మార్పించుకుని విన్నాను. ఒక్కసారి కూడా నమ్మకంగా చెప్పలేకపోయాను. అప్పటి నుంచి కొత్త డాక్‌ల బొమ్మలు చూస్తాను, కొనను.

ఆ మిత్రుడే మొదట్లో నేను "పట్టు లేదు" అని వదిలించుకున్న యాంప్ కొనుక్కున్నవాడు. మొన్న దాన్ని సంచిలో వేసుకుని వచ్చాడు. అదే పాట పెట్టాం. లావు తీగ మోగింది, ఆగింది. గొంతు కదలకుండా మధ్యలోనే ఉంది. పాట అయ్యాక తిరిగి అమ్ముతావా అని అడిగాను. వాడు వైర్లు విప్పుతూ, "పోరా, నీకు పట్టు లేదుగా!" అని నవ్వి యాంప్ సంచిలో పెట్టేసుకున్నాడు.