సొంతంగా కట్టుకున్న ఎలక్ట్రిక్ బైకు: ఆటోనగర్ వైరింగ్ షాపులో రెండు రోజులు

పాత పెట్రోలు బైకు ఫ్రేములో చక్రంలోనే ఇమిడి ఉండే 2 కిలోవాట్ల హబ్ మోటారును, 16 లిథియం ఐరన్ ఫాస్ఫేట్ సెల్స్‌తో నేనే కట్టిన బ్యాటరీని అమర్చుకొని నాలుగు నెలలుగా నడుపుతున్నాను. చదును రోడ్డు మీద ఏ ఇబ్బందీ లేదు గానీ, కనకదుర్గ ఫ్లైఓవర్ ఎక్కుతూ ఎక్సిలరేటర్ కాస్త గట్టిగా తిప్పితే బండి ఉన్నట్టుండి ఆగిపోయేది. తాళం ఆపి మళ్లీ వేస్తే ఏమీ ఎరగనట్టు కదిలేది. నగరంలోనే మరొక చోట చూపిస్తే, స్టాండు మీద చక్రం తిప్పి చూసి, సెల్స్‌ను కనిపెట్టుకొని కాపాడే బీఎంఎస్ బోర్డు పోయిందని, 11వ సెల్ కూడా బలహీనపడిందని, రెండూ మార్చడానికి పదకొండు వేలు అవుతుందని చెప్పారు. ఇంట్లో కట్టిన బ్యాటరీ అనగానే చాలా షాపులవారు అసలు ముట్టుకోరు. 2022 ఏప్రిల్‌లో మన విజయవాడలోనే ఛార్జింగ్‌కు పెట్టిన స్కూటర్ బ్యాటరీ పేలి ఒకరు చనిపోయిన తరువాత ఆ జంకును తప్పుపట్టలేము.

ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టే షెడ్ల వెనుక ఉన్న ఈ చిన్న షాపు బోర్డు మీద ఇప్పటికీ ‘ఆటో ఎలక్ట్రీషియన్’ అనే ఉంది. ఇటువంటి బళ్లన్నీ తన గుమ్మం ముందు చేరతాయేమోనని యజమాని పేరు రాయవద్దన్నారు కనుక రాయడం లేదు. మేస్త్రి గారు మొదట చేతి ఉంగరం తీసి జేబులో వేసుకున్నారు. స్పానర్ పిడికి ఇన్సులేషన్ టేపు చుట్టిన తరువాతే బ్యాటరీ పెట్టె మూత తెరిచారు. బండి నిలిపి ఉన్నప్పుడు 11వ సెల్ కూడా మిగతావాటిలాగే 3.28 వోల్టులు చూపింది. “స్టాండు మీద చక్రం ఊరికే తిరుగుతుందండీ, బరువు పడితేనే రోగం బయటపడుతుంది” అని చెప్పి, మల్టీమీటర్‌ను మోకాలి మీద పెట్టుకొని నా వెనుక కూర్చున్నారు. 40 ఆంపియర్ల దగ్గర మిగతా సెల్స్ 3.15 దగ్గర నిలిస్తే, 11వ సెల్‌కు బీఎంఎస్ తీసుకుంటున్న కొలత 2.5కు పడిపోయింది. సెల్‌ను కాపాడడానికి బీఎంఎస్ కరెంటు ఆపేసేది సరిగ్గా అక్కడే, అంటే అది తన పని తాను చేస్తున్నదే తప్ప చెడిపోలేదు.

చాలామంది ఇక్కడితో ఆగి సెల్ మార్చేస్తారు. ఆయన మాత్రం మీటరు మొనలలో ఒకదాన్ని సెల్ టెర్మినల్ మీద, రెండోదాన్ని పక్క సెల్‌తో కలపడానికి దానికి బిగించిన రాగి పట్టీ అయిన బస్‌బార్ మీద పెట్టి మరొక చుట్టు నడపమన్నారు. మిల్లీవోల్టులు మాత్రమే కనిపించవలసిన ఆ జాయింటులో 0.65 వోల్టులు కనిపించాయి. అంటే ఒక్క నట్టు దగ్గర దాదాపు 26 వాట్లు వేడిగా పోతున్నాయన్న మాట. నేను పెద్దగా పట్టించుకోని గోధుమరంగు మచ్చకు కారణం అదే. బీఎంఎస్ కొలత తీగ బస్‌బార్ వైపు ఉండడం వల్ల జాయింటులో పోయే వోల్టేజీ కూడా సెల్ ఖాతాలోనే పడింది. నట్టు విప్పి, అల్యూమినియం టెర్మినల్‌ను ఉప్పు కాగితంతో రుద్ది, నేను వేయడం మరచిన స్ప్రింగ్ వాషర్ వేసి బిగించి, తక్కిన జాయింట్లన్నీ అదే విధంగా కొలిచి చూశారు. మూడు జాయింట్లు వదులుగానే ఉన్నాయని తేలడం నా పనితనానికి ఆయన ఇచ్చిన మార్కులు అనుకోవాలి.

వాన పడిన రోజుల్లో బండి కదిలేటప్పుడు వచ్చే కుదుపుకు మోటారు తిరుగుడును పసిగట్టే హాల్ సెన్సార్ కనెక్టర్‌లో పట్టిన పచ్చటి చిలుము కారణమని తేలింది. దాన్ని మార్చడం పది నిమిషాల పని.

లోపాలు లేకపోలేదు. బ్యాటరీ కలిపేటప్పుడు మోటారును నడిపే కంట్రోలర్‌లోని కెపాసిటర్ల వల్ల వచ్చే నిప్పురవ్వ ఆగడానికి ప్రీఛార్జ్ రెసిస్టర్ పెట్టమని రెండుసార్లు అడిగినా, రేపు చూద్దామంటూ చివరికి వదిలేశారు. నెగెటివ్ తీగకు ఎర్ర స్లీవ్ తొడిగారు. నేను ఇంటికి వచ్చి దానిపై నల్ల టేపు చుట్టుకున్నాను. రెండు రోజుల పనికి 1,400 రూపాయలు తీసుకున్నారు గానీ బిల్లు ఇవ్వలేదు.

ఇప్పుడు ఇద్దరం ఎక్కినా బండి ఫ్లైఓవర్ మీద ఆగడం లేదు, 11వ సెల్ కొలత కూడా పక్క సెల్స్‌తో సమానంగా ఉంటోంది. వెళ్లదలచినవారు ఉదయం పూటే, ఛార్జింగ్ సగానికి పైగా ఉంచుకొని వెళ్లడం మంచిది, ఎందుకంటే బండి నడిపి చూడకుండా మేస్త్రి గారు ఏ కొలతనూ నమ్మరు.